టీకాకు తీర్పు చెప్పిన విశ్వవిద్యాలయము

1953 వ సంవత్సరము ముగియవచ్చుచుండగా, అమెరికాలో పోలియో నివారణకై ప్రజలు చందాలిచ్చి పోషించుచున్న నేషనల్ ఫౌండేషన్ అను ధర్మసంస్థవారు, మిషిగన్ విశ్వవిద్యాలయమున వ్యాధివ్యాప్తిశాస్త్రాచార్యుడుగా నున్న థామస్ ఫ్రాన్సిసును ఒక పనికి పిలిచిరి. పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమునందలి జోనస్ సాల్కు తయారుచేసిన పోలియో టీకా నిజముగా బిడ్డలను కాపాడునా, కాపాడదా యని దేశమంతట పరీక్షించి తీర్పు చెప్పుటయే ఆ పని. ఫ్రాన్సిసు వెంటనే తల యూపలేదు. సంస్థవారు ముందే గీసికొన్న పద్ధతిని మార్చుటకు తనకు అధికారముండవలెననియు, లెక్కలన్నియు ఆన్ ఆర్బరు పట్టణమున నున్న తన విద్యాపీఠమునకే చేరవలెననియు, తాను తీర్పు చదువు దినమువఱకు టీకా చేసినవానికిగాని, దానికి ధనము పెట్టినవారికిగాని ఒక్క అంకెయైనను తెలియరాదనియు ఆయన కోరెను. సరుకు అమ్మువాని చేతికి త్రాసు ఇయ్యరాదని సంతకు పోవు ప్రతివానికిని తెలియును గాని, మందుల విషయమున ఆ చిన్నమాట పెద్దలకు తోచుటకు చాల కాలము పట్టినది.

విశ్వవిద్యాలయములు నడుపు క్లినికల్ ట్రయల్సును గూర్చి నేడు వార్తాపత్రికలలో తఱచుగా చదువుచున్నాము. వాని మర్మమును తెలియగోరువారికి 1954 నాటి ఈ పోలియో పరీక్షకన్న మంచి పాఠము వేఱొకటి లేదని నా అభిప్రాయము. అందు మందు గొప్పతనముకంటె, మందును గూర్చి మనుష్యులు తమ్ము తాము మోసగించుకొనకుండ చేసికొన్న కట్టుదిట్టములే ఎక్కువ ఆశ్చర్యము గొల్పుచున్నవి.

ఆనాటి అమెరికాలో వేసవి యనినచో తల్లిదండ్రులకు గుండెదడ. ఎండలు ముదిరినకొలది పోలియో విజృంభించెడిది, ఈతకొలనులు మూతపడెడివి, బిడ్డలను సినిమాలకును, జనసమ్మర్దమునకును పంపకుండెడివారు. 1952 లో ఆ దేశమున సుమారు 58,000 మందికి వ్యాధి సోకగా, మూడువేలకు పైబడి మరణించిరి. ఇరువదియొక్క వేలకు పైబడి పక్షవాతమునకు లోనైరి. ఊపిరి తీయు కండరములు చచ్చుపడినవారిని మెడవఱకు ఇనుపయంత్రములలో పరుండబెట్టి, ఆ యంత్రములచేతనే శ్వాస ఆడించుచుండిరి. అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు తానే పక్షవాతముచే నడక కోల్పోయినవాడు. 1938 లో ఆయన నెలకొల్పినదే పైని చెప్పిన ధర్మసంస్థ. దానికి నిధి కొలదిమంది ధనికుల పెట్టెలనుండి గాక, ఇంటింటినుండి పది సెంట్ల నాణెములుగా వచ్చి పడినది. తాము పంపిన నాణెములతో తయారైన టీకా తమ బిడ్డలకు ఎప్పుడందునా యని దేశము దేశమే కాచుకొనియుండుటచేత, పరీక్షించువారిపై ఒత్తిడి యెంతటిదో ఊహింపవచ్చును.

తొందరపడినచో నేమగునో చూపిన చేదు అనుభవ మొకటి వారికి ముందే కలదు. 1935 లో న్యూయార్కున మారిస్ బ్రోడీ యనునాతడును, ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయమున జాన్ కోల్మరును వేఱువేఱుగా టీకాలు చేసి వేలకొలది బిడ్డలకు వేసిరి. కోల్మరు టీకాయందు బ్రతికియున్న వైరసుచే కొందఱు బిడ్డలకు వ్యాధియే తగిలినది, మరణములును సంభవించినవి. బ్రోడీ టీకా మేలు చేసినదో, చేయలేదో నిర్ణయించుటకు తగిన పోలికయే లేకపోయినది. వారిరువురును విద్యాధికులే, సదుద్దేశము కలవారే. విశ్వవిద్యాలయము పేరు తలపై నున్నంతమాత్రమున పరీక్ష పరీక్ష కాజాలదని ఆ యుదంతము చెప్పుచున్నది. ఆ పిమ్మట సుమారు పదునైదేండ్ల కాలము పోలియో టీకాను బిడ్డలకు వేయుదమనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

1949 లో బోస్టను నగరమున ఎండర్సు, వెల్లరు, రాబిన్సు అను మువ్వురు శాస్త్రజ్ఞులు పోలియో వైరసును నాడీకణములతో పని లేకుండ ఇతర కణజాలమున పెంచవచ్చునని నిరూపించినపుడు దారి తెఱచుకొన్నది. సాల్కు ఆ వైరసు రకములు మూడింటిని కోతుల మూత్రపిండముల కణములపై పెంచి, ఫార్మలిన్‌తో చంపి టీకా కూర్చెను. ఆ కోతులలో ఎక్కువభాగము మన దేశమునుండి ఓడలలోను, విమానములలోను పోయినవే. గోదావరికి ఉత్తరపు వైపున కనబడు ఎఱ్ఱమూతి కోతి జాతియే వారికి కావలసినది. దక్షిణమున మనము గుడిగోపురములపై చూచు టోపీకోతి వేఱుజాతిది. మార్గమధ్యమున ఆ మూగజీవములు పడిన పాట్లు తెలియవచ్చి, 1955 లో భారత ప్రభుత్వము వాని ఎగుమతిని కొంతకాలము నిలిపివేసెను కూడ. పోలియో చరిత్రను వ్రాయువారు ఈ ఋణమును ఒక వాక్యముతో దాటిపోవుచుందురు. నేనును అంతకన్న మేలు చేయుట లేదు.

ఇక అసలు వివాదమునకు వత్తము. ధర్మసంస్థవారి తొలి ఆలోచన యిది: రెండవ తరగతి పిల్లలలో తల్లిదండ్రులు ఒప్పుకొన్నవారి కెల్ల టీకా వేయుట, ఒకటవ, మూడవ తరగతుల పిల్లలకు వేయకుండ ఊరక గమనించుట, వేసవి గడచిన పిదప రెండు వర్గములలో వ్యాధి ఎంతెంత వచ్చినదో సరిచూచుట. వినుటకు ఇది న్యాయముగనే యున్నది. ఎవరికిని ఉత్తినీళ్లు పొడిచి మోసగించుట లేదు. సాల్కు ఈ పద్ధతినే కోరెను. టీకా పనిచేయునని నమ్మియుండియు కొందఱు బిడ్డలకు వట్టి ద్రవమునెక్కించి, వారు అవిటివారగుదురేమో యని చూచుచు కూర్చుండుట తన మనస్సున కెక్కదని ఆయన మొఱపెట్టెను. ఆ మాట దయగలవాని మాటయే.

కాని గణాంకశాస్త్రజ్ఞులును, కొన్ని రాష్ట్రముల ఆరోగ్యాధికారులును ఒప్పుకొనలేదు. పోలియోను గుర్తించుట ఆ రోజులలో అంత సులభము కాదు. జ్వరము, మెడపట్టు, కాలునొప్పి మాత్రమే యున్న బిడ్డను చూచి ఇది పోలియో యని యొక వైద్యుడు, కాదని మఱియొక వైద్యుడు అనవచ్చును. ఈ పిల్లవానికి టీకా వేసియున్నారని ముందే తెలిసిన వైద్యుడు తనకు తెలియకుండగనే ‘కాదు’ అనువైపునకు మ్రొగ్గును. అతడు అబద్ధమాడుట లేదు. ఆశ అతనిచే అట్లు పలికించును. ఇందుకు మందొక్కటే: ఏ బిడ్డకు టీకా వేసినారో, ఏ బిడ్డకు వట్టి ద్రవము వేసినారో బిడ్డకుగాని, తల్లికిగాని, సూది పొడిచినవానికిగాని, పిదప రోగమును పరీక్షించువానికిగాని తెలియకుండ చేయుట, ఎవరికి ఏది చేరవలెనో మనుష్యుని యిష్టమునకు విడువక, చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించుట. ఫ్రాన్సిసు ఈ పక్షమున నిలిచెను. తుదకు రాజీ కుదిరినది: 11 రాష్ట్రములలో వట్టి ద్రవముతో పోల్చుపద్ధతి, 33 రాష్ట్రములలో ఊరక గమనించుపద్ధతి. ఒకే టీకాను ఒకే సంవత్సరమున రెండు విధములుగా పరీక్షించుట ఆనాడు అయిష్టముగా చేసికొన్న సర్దుబాటు. దాని విలువ పిదప తెలిసివచ్చినది.

ఇంత పెద్దయెత్తున చేయుట ఎందులకని అడుగువారు కలరు. పోలియో భయంకరమే గాని అరుదైనది. లక్షమంది బిడ్డలలో ఒక ఏబదిమందికి వచ్చుట సామాన్యము. పదివేలమందికి టీకా వేసి చూచినచో, టీకా లేకున్నను అయిదుగురికి మించి వ్యాధి రాదు. ఆ అయిదుగురు ఇద్దఱైనను, ఏడుగురైనను దానివలన తెలియున దేమియు లేదు. మఱియు 1952 లో 58,000 గా నున్న రోగుల సంఖ్య, ఏ టీకాయు లేకయే 1953 లో 35,000 కు తగ్గినది. అందఱికిని టీకా వేసి, మఱుసటియేడు వ్యాధి తగ్గినదని సంబరపడుదమన్నను వీలులేదన్నమాట. అదే సంవత్సరమున, అదే ఊరిలో, అదే యీడు బిడ్డలలో పోలిక యుండవలెను. వారు లక్షలలో నుండవలెను.

1954 ఏప్రిల్ 26 న వర్జీనియా రాష్ట్రమున మెక్లీన్ అను ఊరి బడిలో తొలి సూది పడినది. ఆ వసంతమున ఒకటి, రెండు, మూడు తరగతులు చదువు పిల్లలు సుమారు 18 లక్షలమంది ఈ పరీక్షలోనికి వచ్చిరి. వారిలో సూది వేయించుకొన్నవారు ఆఱున్నర లక్షలు. అయిదు వారములలో ఒక్కొక్కరికి మూడు సూదులు. చిన్న సీసాలలో టీకాయు, వట్టి ద్రవమును ఒకే రంగున నుండెను. సీసాపై సంకేతసంఖ్య తప్ప మఱేమియు లేదు. ఆ సంఖ్య యేది దేనిదో చెప్పు తాళపుచెవి ఆన్ ఆర్బరున భద్రముగా నుంచిరి. వేలకొలది వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగు గృహిణులు జీతము లేకుండ పనిచేసిరి. పిల్లలకు ‘పోలియో పయొనీర్’ అని వ్రాసిన బిళ్లయు, కార్డును ఇచ్చిరి. సూదిపోటునకు ఏడ్చిన పిల్లవాడు మఱుక్షణమున ఆ బిళ్లను చొక్కాకు తగిలించుకొని మురిసియుండును. అది టీకా పోటో, వట్టి పోటో వానికేమి యెఱుక?

సుమారు నలువదివేల బిడ్డలనుండి టీకాకు ముందును వెనుకను రక్తము తీసి, అందు వైరసు నెదిరించు శక్తి పెరిగినదా యని చూచిరి. ఈ పరీక్షకు వలసిన మానవకణములను అలబామాలోని టస్కీగీ విద్యాలయమున నల్లజాతి శాస్త్రజ్ఞులును, సహాయకులును పెంచి నలుదెసల ప్రయోగశాలలకు పంపుచుండిరి. ఆ కణములు హెన్రియెటా లాక్సు అను నల్లజాతి స్త్రీ శరీరమునుండి, ఆమె యనుమతి యడుగకయే, 1951 లో తీసినవాని సంతతి. ఆ టస్కీగీ ప్రాంతముననే ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు వందలకొలది నల్లజాతి పురుషులను సవాయిరోగమునకు చికిత్స చేయకుండ, ఊరక గమనించుచు 1932 నుండి 1972 వఱకు లెక్కలు వ్రాసికొనిరి. ఒకే చోట, ఒకే కాలమున, విజ్ఞానమున కింతటి మేలును, ఇంతటి కీడును పక్కపక్కన జరిగినవి.

వేసవి గడచినది, శరదృతువు గడచినది. ఊరూర నుండి వచ్చిన కాగితములను ఆన్ ఆర్బరున రంధ్రపు కార్డుల కెక్కించి యంత్రములచే లెక్కించుచుండిరి. పత్రికలవారు అడుగని దినము లేదు. ధర్మసంస్థ అధ్యక్షుడైన బేసిల్ ఓకానరు తీర్పు వెలువడకముందే టీకా తయారుచేయు కంపెనీలకు లక్షలకొలది డాలర్ల ఆర్డర్లిచ్చియుండెను. అయినను ఆయనకు సైతము అంకెలు తెలియలేదు. సాల్కునకును తెలియలేదు. ఇచ్చట ఒక చిక్కు కలదు: సాల్కు 1942 నుండి కొన్నియేండ్లు ఆన్ ఆర్బరుననే ఫ్రాన్సిసుకడ పనినేర్చిన శిష్యుడు. శిష్యుని పనికి గురువు తీర్పరి! మన న్యాయస్థానములలో నైనచో అట్టి న్యాయమూర్తి తప్పుకొనవలసియుండును. ఫ్రాన్సిసు తప్పుకొనలేదు; తప్పుకొన నక్కఱ లేకుండ ఏర్పాటు చేసెను. ఒక మనుష్యుడు సత్యసంధుడు గనుక అతని మాట నమ్ముట యొకటి, అతడెట్టివాడైనను అసత్యము చొఱకుండ పద్ధతిని బిగించుట మఱియొకటి. ఈ రెండవదే క్లినికల్ ట్రయలునకు ప్రాణము. సంకేతసంఖ్యలకు గురుశిష్యబాంధవ్యము తెలియదు గదా.

1955 ఏప్రిల్ 12 న, రూజ్‌వెల్టు మరణించి సరిగా పదియేండ్లు నిండిన దినమున, మిషిగన్ విశ్వవిద్యాలయపు రాకం భవనమున ఫ్రాన్సిసు లేచి గంటన్నరకు పైగా తన నివేదికను చదివెను. చీట్లపద్ధతి నవలంబించిన రాష్ట్రములలో టీకా వేసిన 2,00,745 మందిలో పక్షవాతముతో కూడిన పోలియో 33 మందికి వచ్చినది. వట్టి ద్రవము వేసిన 2,01,229 మందిలో 115 మందికి వచ్చినది. టీకా పొందినవారిలో పోలియో మరణమే లేదు. రెండవ వర్గమున నలుగురు బిడ్డలు మరణించిరి. పక్షవాతము లేని తేలికపాటి పోలియోలో మాత్రము 24 కు 27, అనగా ఇంచుమించు భేదమే లేదు. ఆ తేలిక కేసులలో నిజముగా పోలియో కానివి ఎన్నో కలసియుండునన్న గణాంకవేత్తల అనుమానము సార్థకమైనట్లు నాకు తోచుచున్నది. చూచువారికి రహస్యము తెలిసియున్నచో ఈ రెండంకెలు ఇంత చేరువగా నుండియుండునా?

ఈ నివేదికలో నన్ను మిక్కిలి ఆకర్షించినది వేఱొక అంకె. చీట్లపద్ధతి రాష్ట్రములలో అన్నివిధముల పోలియోను కలిపి లెక్కించినచో, టీకా పొందినవారిలో లక్షకు 28, వట్టి ద్రవము పొందినవారిలో లక్షకు 71. అసలు పరీక్షయందు చేరక, సూదియే వేయించుకొననివారిలో లక్షకు 46! వీరికి టీకా రక్షణ లేదు; వట్టి ద్రవము వేసికొన్నవారికిని లేదు. మఱి వీరికంటె వారికి వ్యాధి ఎక్కువగా ఎందుకు వచ్చినది? వట్టి ద్రవము కీడు చేసినదా? కాదు. సంతకము పెట్టి బిడ్డలను పంపిన తల్లిదండ్రులలో చదువు, కలిమి కలవారు ఎక్కువ. ఒప్పుకొననివారిలో పేదలు ఎక్కువ. పోలియో విచిత్రమైన వ్యాధి. పేదయిండ్లలో, శుభ్రత తక్కువగా నున్నచోట, బిడ్డకు పాలుత్రాగు వయస్సుననే వైరసు సోకును. తల్లి నుండి వచ్చిన రక్షణ యింకను ఒంట నుండుటచే పెద్దగా బాధింపక, జీవితాంతపు రక్షణను మిగిల్చి పోవును. కలవారి బిడ్డకు ఆ వైరసు ఆలస్యముగా, బడివయస్సున ఎదురగును. అప్పుడది కాలో చేయో పట్టును. కనుక ఒప్పుకొన్నవారును ఒప్పుకొననివారును మొదటినుండియు వేఱువేఱు తరగతుల మనుష్యులు.

ఇప్పుడు ధర్మసంస్థవారి తొలిపద్ధతిలోని దోషము తెల్లమగును. ఊరక గమనించిన రాష్ట్రములలో టీకా పొందిన రెండవ తరగతివారిలో లక్షకు 25, ఒకటవ మూడవ తరగతులలో లక్షకు 54. ఈ 54 లో కలవారును లేనివారును, ఒప్పుకొనదగినవారును ఒప్పుకొననివారును కలసియున్నారు. 25 లో ఒప్పుకొన్నవారు మాత్రమే యున్నారు. అందుచేత టీకా ప్రభావము ఉన్నదానికంటె తక్కువగా కనబడినది. చిత్రమేమనగా, దయతో ప్రతిపాదించిన పద్ధతి ఆ టీకాకే అన్యాయము చేసినది. కఠినమని తలచిన పద్ధతియే దానికి న్యాయము చేసినది. అయినను ఆ న్యాయమునకు ధర చెల్లించినవారు ఎవరో మఱువరాదు: వట్టి ద్రవపు వరుసలో నున్న ఆ 115 మంది బిడ్డలు. వారు లేకున్నచో 33 అను అంకెకు అర్థమే లేదు.

తీర్పు వెలువడిన గడియనుండి దేశమున చర్చిగంటలు మ్రోగినవి, జనులు వీధులలో కంటతడి పెట్టిరి. నాటి సాయంకాలమునకే ప్రభుత్వము టీకాకు లైసెన్సు నిచ్చెను. ఆ సభలోనే సాల్కు లేచి, తన క్రొత్త టీకా ఇంచుమించు నూటికి నూఱుపాళ్లు పనిచేయునని పలికెను; ఏడాదిపాటు నోరు బిగించుకొని కూర్చున్న గురువునకు ఆ మాట రుచింపలేదందురు. కొలదివారములలోనే కాలిఫోర్నియాలోని కటర్ లేబొరేటరీస్ తయారుచేసిన కొన్ని సీసాలలో బ్రతికిన వైరసున్నదని తేలినది. సుమారు రెండువందలమంది పక్షవాతమునకు లోనైరి, పదిమంది మరణించిరి. ఫ్రాన్సిసు పరీక్ష తప్పినదా? అదియు కాదు. 1954 లో ప్రతి విడత టీకాను తయారుచేసినవారు, సాల్కు ప్రయోగశాలవారు, ప్రభుత్వమువారు ముగ్గురును వేఱువేఱుగా పరీక్షించిన పిదపనే బిడ్డలకు వేసిరి. లైసెన్సు వచ్చిన పిదప ఆ ముమ్మారు పరీక్ష పోయి, ఎక్కువగా కంపెనీవారి కాగితములను చూచుటతో సరిపెట్టిరి. టీకాను గూర్చి తీర్పు చెప్పినంతమాత్రమున, రేపు ఫ్యాక్టరీలో నింపబోవు ప్రతి సీసాను గూర్చి తీర్పు చెప్పినట్లు కాదు.

మఱియొక విషయమును దాచుట నాకు సమ్మతము కాదు. ఇదే ఫ్రాన్సిసును, ఇదే సాల్కును 1942–43 లలో మిషిగన్ రాష్ట్రమునందలి యిప్సిలాంటి పిచ్చాసుపత్రిలో, తమ సమ్మతిని తాము చెప్పజాలని రోగులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసి, కొన్ని నెలల పిదప వారికి ఆ వ్యాధి వైరసును తగిలించి చూచిరి. యుద్ధకాలము, సైనికులకు టీకా కావలెను, ఆనాడు దానిని ఎవరును తప్పుపట్టలేదు; ఇవి కారణములు గాని, సమర్థనములు కావు. చీట్లును సంకేతసంఖ్యలును సత్యమును కాపాడును. బిడ్డనుగాని, పిచ్చివానినిగాని అవి కాపాడవు. పరీక్షకు ముందు రోగితో మాటాడి అంగీకారము పొందవలెనన్న నియమమును, అడ్డుచెప్పుటకు విశ్వవిద్యాలయములలో వేఱుగా నుండు నీతిసంఘములును పిమ్మట, ఒక్కొక్క అపచారము బయటపడినకొలది, ఏర్పడినవి.

సాల్కు టీకా అమెరికాలో ఇల్లిల్లు చేరిన తరువాత అచ్చట అట్టి పరీక్షకు చోటే లేకపోయినది. రక్షణ పొందని బిడ్డలు లక్షలలో ఎచ్చట దొరకుదురు? సిన్సినాటి విశ్వవిద్యాలయమున ఆల్బర్టు సేబిను కనిపెట్టిన నోటిచుక్కల టీకా అందుచేతనే సోవియటు దేశమునకు పోయి, 1959 లో అచ్చట చుమకోవు ప్రభృతులైన శాస్త్రజ్ఞుల చేతులమీదుగా కోటికి పైబడిన జనులకు అందినది. అచ్చట వట్టి ద్రవపు వరుస లేదు, చీట్లు లేవు. సేబిను ప్రత్యర్థులు ఆ లెక్కలను నమ్ముటెట్లని అడిగిరి. అప్పుడు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు యేల్ విశ్వవిద్యాలయమునుండి డొరొతీ హార్‌స్ట్‌మన్ అను వైద్యురాలిని పంపి, రష్యనుల ప్రయోగశాలలను, లెక్కలను స్వయముగా పరిశీలించి రమ్మనిరి. ఆమె చూచివచ్చి, పని శ్రద్ధగా జరిగినదనియు, టీకా సురక్షితమనియు నివేదించెను. 1961 నుండి అమెరికాలోను ఆ టీకాకు లైసెన్సులు వచ్చినవి. 1995 నుండి మన దేశమున పల్స్ పోలియో ఆదివారములలో, ఊరి బడులలోను బస్టాండులలోను బిడ్డల నోట వేసినవి ఆ సేబిను చుక్కలే.